తాడు విప్పని వంతెనలు

మొదటి రోజు, బ్రాన్‌స్టన్

మా పడవ పొడవు 57 అడుగులు. వెడల్పు మాత్రం ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. లోపల వరసగా వంటిల్లు, మంచాలు, బాత్రూమ్, మళ్ళీ మంచాలు. ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే రెండోవారు ఒళ్ళు పక్కకు తిప్పుకుని పోవాల్సిందే. "ఇది పడవ కాదే, రైలు పెట్టె" అన్నారు మా ఆయన.

ఆయన నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఏ ఊరు వెళ్ళినా గుడికంటే ముందు కాలువ గట్టు చూసే మనిషి. అది తెలిసే మా అమ్మాయి "లండన్ ఎప్పుడైనా చూడొచ్చు, ముందు నాన్నకి లాకులు చూపిద్దాం" అని ఇంగ్లండ్‌లో ఈ కాలువ పడవని వారానికి అద్దెకు తీసుకుంది. అమ్మాయి, అల్లుడు, మేమిద్దరం. నలుగురిలో ఒక్కరికీ పడవ నడపడం రాదు.

అద్దెకిచ్చిన వాళ్ళ మనిషి గంటసేపు నేర్పాడు. వెనక నిలబడి చుక్కాని కర్ర పట్టుకోవాలి. పడవ కుడికి తిరగాలంటే కర్రని ఎడమకి నెట్టాలి. కాలువలో వేగం గంటకు 4 మైళ్ళు మించకూడదు, ఒడ్డున కట్టేసిన పడవల పక్కన అందులో సగానికి రావాలి. ఎదురుపడవ వస్తే కుడివైపు ఒదగాలి. ఈ దేశంలో రోడ్డు మీద ఎడమ, నీళ్ళలో కుడి. అల్లుడు అన్నిటికీ తల ఊపాడు. ఆ ఊపు చూసి నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది.

బ్రాన్‌స్టన్ నార్తాంప్టన్‌షైర్‌లో గుట్ట మీద ఉన్న చిన్న ఊరు. కింద కాలువలో ఎటు చూసినా పడవలే. ఆక్స్‌ఫర్డ్ కాలువా గ్రాండ్ యూనియన్ కాలువా కలిసేది ఇక్కడే. కలిసే చోటు ముక్కోణంలా ఉంటుంది, అటు పోయే పడవకూ ఇటు పోయే పడవకూ మలుపు అందేలా. ఆ ముక్కోణం రెండు పాయల మీద పక్కపక్కనే రెండు ఇనుప వంతెనలు, కవలల్లా ఒకే పోలిక. నల్లగా, సన్నగా, వెడల్పాటి విల్లు వంచినట్టు ఉన్నాయి. పక్క పలకల నిండా ఇంటూ గుర్తుల్లాంటి అల్లిక. వంతెన ఒంటి మీదే పోతపోసిన అక్షరాలున్నాయి: హార్స్‌లీ ఐరన్ వర్క్స్. బర్మింగ్‌హామ్ దగ్గర టిప్టన్‌లో ఉండేది ఆ కార్ఖానా. ముక్కలుగా పోతపోసి, తెచ్చి, ఇక్కడ బోల్టులతో బిగించారు.

మా ఆయన వేలి కణుపుతో పలకని కొట్టి చూశారు. "పోత ఇనుము. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే విరుగుతుంది. అందుకే ఇలా విల్లులా వంచారు, బరువంతా నొక్కుడు మీదే పోతుంది" అన్నారు. నాకు వేరే సందేహం వచ్చింది. బండి పోదు, మనుషులు పోవడానికి ఒక చెక్క వేస్తే సరిపోయేదానికి ఇంత వంతెనెందుకు, అదీ రెండు?

జవాబు గట్టు మీదే ఉంది. ఇంజన్లు రాకముందు పడవని లాగింది గుర్రం. కాలువ పక్కన బాట మీద గుర్రం నడుస్తుంది, పొడవాటి తాడు చివర పడవ వస్తుంది. ఇంకో కాలువ వచ్చి కలిసిన చోట ఆ బాట తెగిపోతుంది. గుర్రం తాడు విప్పించుకుని, చుట్టూ తిరిగి, మళ్ళీ కట్టించుకోవాలంటే పాతిక టన్నుల సరుకున్న పడవ ఊపు పోగొట్టుకుంటుంది. ఆగిన పడవని మళ్ళీ కదిలించడమే గుర్రానికి అసలు కష్టం. అందుకని గుర్రం నడక తెగకుండా వంతెన. పిట్టగోడ పొట్టిగా, పైఅంచు నున్నగా ఉండేది కూడా తాడు దాని మీద జారిపోవడానికే. ఈ వంతెనలకి కొలత ఇచ్చింది మనిషి కాదు, తాడు.

సాయంత్రం పడవని కట్టేసి గ్రాండ్ యూనియన్ మీదుగా పైకి నడిచాం. ఆరు లాకులు, అంటే పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల తొట్లు, మెట్లమెట్లుగా. ఇవి వెడల్పు లాకులు, రెండు పడవలు పక్కపక్కన పడతాయి. పైన 2,042 గజాల సొరంగం, 1796లో తెరిచారు. అందులో బాట లేదు. ఇక్కడ మాత్రం తాడు విప్పక తప్పేది కాదు. గుర్రాన్ని గుట్ట మీంచి నడిపించేవారు. లోపల పడవ మీద మనుషులు వెల్లకిలా పడుకుని, సొరంగం గోడలని కాళ్ళతో తన్నుకుంటూ పడవని దాటించేవారట. చీకట్లో, మైలుకు పైగా. మా అమ్మాయి ఆ చీకటి నోట్లోకి ఫోన్ లైటు వేసి చూసి, "పొద్దున మనం ఇటు రావట్లేదు కదా?" అంది.

రెండో రోజు, హిల్‌మోర్టన్ లాకులు

పొద్దున్నే ఉత్తరానికి బయలుదేరాం. బ్రాన్‌స్టన్ నుంచి హాక్స్‌బరీ కూడలి దాకా దాదాపు 23 మైళ్ళు. కారులో అరగంట. మాకు మూడు రోజుల కార్యక్రమం.

మొదటి గంటలో అల్లుడు రెండుసార్లు గట్టెక్కించాడు, ఒకసారి ఎదురుపడవకి క్షమాపణ చెప్పాడు. మా ఆయన ముందు కూర్చుని అన్నీ చూస్తూ ఒక్క మాట అనలేదు. అదే కొడుకైతే ఈపాటికి కాలువలో తోసేవారు. అల్లుడు కాబట్టి "పరవాలేదు బాబూ, గాలి ఎక్కువగా ఉంది" అన్నారు. చెట్టు మీద ఆకు కదలట్లేదు.

ఏడెనిమిది మైళ్ళు పోయాక హిల్‌మోర్టన్. ఇక్కడ మూడు లాకులు. మూడూ జంటలే, అంటే ఒక్కోచోట పక్కపక్కన రెండేసి. సన్నవి, ఒక్కోదాంట్లో ఒక్క పడవే పడుతుంది. ఒకటి నిండుతుంటే రెండోది ఖాళీ అవుతూ ఉంటుంది కనుక బారు తొందరగా కదులుతుంది. 1840లో రెండో వరస కట్టారు. ఆ ఏడుకి పక్కనే రగ్బీ మీదుగా లండన్, బర్మింగ్‌హామ్ రైలు తిరగడం మొదలై రెండేళ్ళు. రైలు కూతకేసే దూరంలో కొత్త లాకులు కట్టేంత ధీమా ఉందన్నమాట కాలువ కంపెనీకి. ధీమా పూర్తిగా తప్పూ కాదు, ఇప్పటికీ దేశంలో అత్యంత రద్దీగా ఉండే లాకుల్లో ఇవొకటి.

లాకు దగ్గర పని నాదీ అమ్మాయిదీ. చేతికి విండ్‌లాస్ ఇస్తారు. బోరింగు చేతికర్రకి మేనకోడలు లాంటిది, వంకర తిరిగిన ఇనుప పిడి. దాన్ని తలుపు పక్కనున్న ఇరుసుకి తగిలించి తిప్పితే లోపల తూము తలుపు లేస్తుంది. దాన్ని వీళ్ళు ప్యాడిల్ అంటారు, మా ఆయన షట్టర్ అంటారు. మేం పల్లానికి పోతున్నాం. ముందు లాకు నిండి పై కాలువ మట్టానికి రావాలి. అప్పుడు పైతలుపు తీసి పడవని లోపలికి తెచ్చి, తలుపు మూసి, కింది షట్టర్లు ఎత్తాలి. నీళ్ళు పోతున్నకొద్దీ పడవ దిగుతుంది. రెండువైపులా నీటి మట్టం సమమయ్యేదాకా తలుపు కదలదు. ముందే తీద్దామని నేను దూలానికి వీపు ఆనించి ఎంత తన్నినా అంగుళం జరగలేదు. సమం కాగానే చిన్నపిల్ల తోసినా తెరుచుకుంటుంది.

పక్కన నీలం చొక్కా వేసుకున్న వలంటీరు ఒకాయన నా తోపుడు చూసి నవ్వి, "నీళ్ళు ఒప్పుకున్నప్పుడే తలుపు ఒప్పుకుంటుంది" అన్నాడు. ఈ కాలువలు ఇప్పుడు ప్రభుత్వం చేతిలో లేవు. 2012 నుంచి ఒక ట్రస్టు చూస్తోంది, లాకుల దగ్గర ఇలాంటి వలంటీర్లు నిలబడతారు. ఆయన అల్లుడికి ఒకటే చెప్పాడు, మూడుసార్లు చెప్పాడు: పడవని ముందుకు ఉంచు. పైతలుపు కింద నీళ్ళలో ఒక రాతి గట్టు ఉంటుంది. దిగేటప్పుడు పడవ తోక దాని మీద చిక్కుకుంటే, ముందుభాగం నీళ్ళతో దిగిపోతుంది, వెనక వేలాడుతుంది. నిమిషాల్లో పడవ మునుగుతుంది. గోడ మీద తెల్లగీత గీసి ఉంది, దానికి ఇవతల ఉండాలి. ఇక్కడ మాత్రం మా ఆయన మొహమాటం వదిలేశారు. "బాబూ! ముందుకి! ముందుకి!" అని గట్టు మీంచి కేక. అల్లుడు ఉలిక్కిపడి ముందుతలుపుని గుద్దాడు గానీ, గీత దాటాం.

ఒక్కసారి లాకు ఖాళీ చేస్తే లక్ష లీటర్లకు పైగా నీరు కిందికి పోతుంది. ఆ సంగతి విని మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన లెక్కలో నీళ్ళంటే ఎకరాలు. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువలు పంటకీ పడవకీ రెంటికీ తవ్వినవి. ఈ కాలువ పుట్టిందే పడవ కోసం. "చేలు పక్కనే ఉన్నాయి, ఒక్క పిల్లకాలువ లేదు" అని మర్నాటి దాకా అనుకుంటూనే ఉన్నారు.

రెండో లాకు దగ్గర నా చేతిలో విండ్‌లాస్ జారి నీళ్ళలో పడింది. గుడుంగుమని ఒక్క చప్పుడు, అంతే. వెనకపడవ ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. లోపలికెళ్ళి తాడు కట్టిన అయస్కాంతం ఒకటి తెచ్చింది, దబ్బకాయంత ఉంది. "అందరూ పడేస్తారు" అంది. నేనే గాలం వేసినట్టు వేశాను. మొదటిసారి లాగితే తుప్పు పట్టి, పాచి కప్పిన విండ్‌లాస్ వచ్చింది. మాది కాదు. మళ్ళీ వేశాను. రెండోసారి వచ్చింది మాది. ఆ పాతదాన్ని ఏం చేయాలో తెలియక కడిగి పడవలో పెట్టాను.

మూడో రోజు, రగ్బీ దాటి

రాత్రంతా వాన. పొద్దున చుక్కాని దగ్గర అల్లుడు గొడుగు పట్టుకుందామని చూశాడు, మొదటి వంతెన కిందే గొడుగు పోయింది.

ఈ రోజంతా లాకులు లేవు. కాని దారిలో బ్రాన్‌స్టన్ వంతెనల చుట్టాలు ఒక్కొక్కటే ఎదురవుతాయి. అదే అల్లిక, అదే వంపు. విచిత్రమేమిటంటే కొన్నిటి కింద వేరే కాలువే లేదు. ఒకదాని కింద తుంగ మొలిచిన గుంట ఉంది, ఒకదాని కింద నాలుగు పడవలు పట్టే మడుగుంది. ఎటూ పోని నీళ్ళ మీద ఇంత అందమైన వంతెన దేనికి?

అవి పాత కాలువ నోళ్ళు. 1769లో అనుమతి వచ్చాక ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ ఈ కాలువని మొదలుపెట్టినప్పుడు గుట్ట వస్తే చుట్టూ తిప్పాడు, లోయ వస్తే అంచు పట్టుకున్నాడు. ఒకే మట్టం గీత వెంట పోతే లాకులూ అక్కర్లేదు, పెద్ద గట్టులూ అక్కర్లేదు. కాలువ 1790లో ఆక్స్‌ఫర్డ్ చేరేసరికి ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయింది. మెలికలు ఎన్నంటే, ఈ ఉత్తరపు ముక్కే 36 మైళ్ళుండేది. సరుకు మీద సుంకం మైలు లెక్కన. మెలిక ఎక్కువైతే కంపెనీకి బాధేమిటి? తీరా రైలు మాట వినిపించడం మొదలయ్యాక బాధ తెలిసింది. 1829లో అనుమతి తెచ్చుకుని, 1834కల్లా గుట్టలు కోసి, లోయల్లో గట్టులు పోసి, దాదాపు 14 మైళ్ళు తగ్గించేశారు. కొత్త తిన్నని కాలువ పాత మెలికల్ని అడ్డంగా నరికింది. నరికిన చోటల్లా గుర్రం బాట తెగింది. తెగిన చోటల్లా హార్స్‌లీ వంతెన. మెలికలు పూడిపోయాయి, బాట మీద వంతెనలు మిగిలాయి.

న్యూబోల్డ్ దగ్గర కొత్త దారిలో 250 గజాల సొరంగం ఉంది. ఈసారి బుద్ధి తెచ్చుకుని లోపల బాట కూడా వేశారు. పాత సొరంగం నోరు పక్కనే చర్చి దగ్గర ఉందని దిగి వెళ్ళి చూశాం. గోడ మీద తీగలు, లోపల చీకటి, సమాధుల పక్కన. రెండు నిమిషాలకే వెనక్కొచ్చాం.

ఆ తర్వాత ఒక ఇటుక వంతెన కింద మా ఆయన "ఆపు బాబూ, ఆపు" అన్నారు. ఈ పడవలకి బ్రేకులుండవు. రివర్స్ వేసి, గట్టుకి ఆనించి, తాడు పట్టుకుని నేను దూకేసరికి మూడు నిమిషాలు పట్టింది. ఆయన చూసింది వంతెన మూలకి బిగించిన ఇనుప పట్టీని. ఇటుక అరిగిపోకుండా వేసిన కాపు అది. దాని మీద నిలువునా వరస గాడులు, ఒక్కోదాంట్లో నా వేలు సగం దిగింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి.

"దేంతో కోశారు?" అంది అమ్మాయి.

"తాడుతో" అన్నారు.

నమ్మబుద్ధి కాలేదు. కాని తడి తాడు బాట మీద ఈడ్చుకుంటూ ఇసకా మట్టీ పట్టించుకుంటుంది, ఆ ఇసకే ఆకురాయి. గుర్రం వెంట గుర్రం, వందేళ్ళపాటు, అదే మూల దగ్గర. మన ఊరి బావి గిలక పక్కన రాతి మీద చేంతాడు గాడి ఎంతమందిమి చూడలేదు! మా ఆయన ఆ గాడిలో బొటనవేలు పెట్టి కిందికీ మీదికీ జరుపుతూ ఉండిపోయారు. వెనక ఇంకో పడవ వచ్చి హారన్ కొట్టేదాకా.

మధ్యాహ్నం నుంచి రైలు పట్టాలు కాలువ పక్కకొచ్చాయి. మేం గంటకు మూడు మైళ్ళు, అది 125. నాలుగు గంటల్లో ఎన్ని రైళ్ళు పోయాయో లెక్కపెడదామని మొదలుపెట్టి వదిలేశాను. స్ట్రెటన్ దగ్గర చేత్తో తోసే బుల్లి వంతెన ఒకటి కాలువకి అడ్డంగా ఉంటే, దిగి తోసి, పడవ పోయాక మళ్ళీ మూశాను. రాత్రికి ఆన్‌స్టీ. పులిహోర ఆఖరి గిన్నె అయిపోయింది.

నాలుగో రోజు, హాక్స్‌బరీ కూడలి

చిన్న దారే, కాని నేను ఎదురుచూసింది దీనికోసం. ఆక్స్‌ఫర్డ్ కాలువ ఇక్కడ ముగిసి కోవెంట్రీ కాలువలో కలుస్తుంది. పడవవాళ్ళు ఈ చోటుని హాక్స్‌బరీ అనరు, సటన్ స్టాప్ అంటారు. తరాల తరబడి ఇక్కడ లాకు చూసిన కుటుంబం ఇంటిపేరు సటన్.

ఆ లాకు చూస్తే నవ్వొస్తుంది. తలుపులున్నాయి, షట్టర్లున్నాయి, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పడవ లోపలికెళ్ళాక షట్టర్లెత్తాం. పడవ ఒక జానెడు కదిలింది. అంతే. లాకు అయిపోయింది. "ఇదేంటి అత్తయ్యగారూ, ఇంతేనా?" అన్నాడు అల్లుడు.

మా ఆయనకి మాత్రం చెప్పకుండానే అర్థమైంది. జానెడు తేడా ఉన్నా తలుపు తీసి వదిలేస్తే ఒక కంపెనీ నీళ్ళు ఇంకో కంపెనీ కాలువలోకి పారుతూ ఉంటాయి. ఇవి పడవని దించడానికి కట్టిన తలుపులు కావు, నీళ్ళని కాపాడడానికి కట్టినవి. కాలువ చివరి భూముల రైతులు అర్ధరాత్రి షట్టర్ల దగ్గర కాపలా కాయడం ఆయన ఉద్యోగమంతా చూశారు. "ప్రపంచమంతా ఇదే తగాదా" అని హాయిగా నవ్వారు. ఇంగ్లండ్ వచ్చాక అంత నవ్వడం అదే మొదటిసారి.

తగాదా నీళ్ళతో ఆగలేదు. రెండు కాలువలూ మొదట ఇక్కడ కలవనేలేదు. సుంకం దగ్గర కోవెంట్రీ కంపెనీ పట్టుబట్టడంతో ఇంకో మైలు పక్కపక్కనే సాగి లాంగ్‌ఫర్డ్‌లో కలిసేవి. పక్క కాలువ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, చేరడానికి మైలు పోవాలి, అక్కణ్నించి ఉత్తరానికి పోయేవాడు ఆ మైలూ వెనక్కి రావాలి. 1803లో గానీ కూడలి ఇక్కడికి రాలేదు.

వచ్చినా మలుపు మాత్రం అలాగే ఉంది. ఆక్స్‌ఫర్డ్ కాలువలోంచి వచ్చి ఉత్తరానికి పోవాలంటే పడవ పూర్తిగా వెనక్కి తిరగాలి. ఆ నోటి మీదే ఉంది పెద్ద ఇనుప వంతెన. 1837లో డెర్బీలోని బ్రిటానియా ఫౌండ్రీ పోతపోసింది. హార్స్‌లీ వాటికంటే నాకు ఇదే నచ్చింది, ఒక్క దూకులో అవతలికి పోయినట్టుంది. కొంచెం అవతల ఇటుకల ఇంజను ఇల్లు, ఖాళీగా. అందులో న్యూకమెన్ అనే ఆయన కనిపెట్టిన తరహా ఆవిరి యంత్రం ఉండేది. ఒక బొగ్గు గనిలో పనిచేసి పాతబడ్డాక 1821లో ఇక్కడికి తెచ్చి, భూమిలోంచి కాలువకి నీళ్ళు తోడించారు. 1913 దాకా తోడింది. ఇప్పుడది న్యూకమెన్ పుట్టిన ఊరు డార్ట్‌మత్‌లో ఉంది.

కూడలి ఎదురుగా గ్రేహౌండ్ అనే పబ్బు. ఎండ కాస్తోంది, బయట బల్లల నిండా జనం. కాలువ గట్టున చేరి పడవల అవస్థ చూసేవాళ్ళకి ఇక్కడ ప్రత్యేకమైన పేరే ఉంది, గాంగూజ్లర్లు. ఓ ముప్ఫైమంది గాంగూజ్లర్ల ఎదుట 57 అడుగుల పడవని అల్లుడు తిప్పాలి. వాడి మొహంలో నెత్తురు లేదు.

వంతెన కిందికి ముక్కు వచ్చింది. కర్ర పూర్తిగా నెట్టాడు. ముక్కు తిరిగింది గానీ తోక ఇంకా వంతెన కిందే ఉంది. మధ్యలో గాలి, ఈసారి నిజంగానే గాలి. ముక్కు నేరుగా పబ్బు బల్లల వైపు పోతోంది. ఒకాయన గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అప్పుడు మా ఆయన ముందుభాగం నుంచి పొడవాటి గెడ తీసుకుని అవతల గట్టుకి ఆనించి, గోదావరి మీద పంటు నడిపేవాళ్ళు ఆనించినట్టే, ఒంటి బరువంతా వేసి నెట్టారు. అరవై మూడేళ్ళ మనిషి. ముక్కు ఆగింది. నెమ్మదిగా తిరిగింది. "ఇప్పుడు ఇంజను" అన్నారు, కేక వేయకుండా. పడవ తిన్నగా అయింది. బల్లల దగ్గర చప్పట్లు కొట్టారు. అల్లుడు వంగి నమస్కారం చేశాడు, మామగారికి.

కొంత దూరం పోయి కాలువ వెడల్పుగా ఉన్న చోట తిప్పుకుని, మళ్ళీ అదే వంతెన కిందికి అదే మలుపు తిరిగి వచ్చాం. రెండోసారి ఏమీ తగల్లేదు. చూసేవాళ్ళు నిరాశపడ్డట్టే అనిపించింది.

ఐదు, ఆరు రోజులు

వెనక్కి రావడం తొందరగానే అయింది. దారి తెలుసు, వాన లేదు. హిల్‌మోర్టన్‌లో ఈసారి ఎగువకి కాబట్టి ఖాళీ లాకులోకి పోయి, షట్టర్లు కొంచెం కొంచెంగా ఎత్తుకుంటూ పైకి లేచాం. ఒక్కసారి ఎత్తితే నీళ్ళు పడవని వెనక్కి గుంజి కొడతాయి. విండ్‌లాస్‌కి తాడు కట్టి మణికట్టుకి చుట్టుకున్నాను. ఆ వలంటీరు అది చూసి చెయ్యకూడదన్నాడు. పిడి చెయ్యి జారితే గిర్రున తిరిగి మణికట్టు విరుగుతుందట. విప్పేశాను.

బ్రాన్‌స్టన్‌లో పడవ అప్పగించేటప్పుడు ఆ మనిషి సామాన్ల జాబితా పట్టుకుని లెక్కచూశాడు. మేకులు, సుత్తి, గెడ, లైఫ్ జాకెట్లు, విండ్‌లాసులు రెండు. పెట్టెలో మూడున్నాయి. నేను జరిగింది చెప్పబోయాను. వాడు వినకుండానే ఆ తుప్పుపట్టినదాన్ని తీసి, గోడకి కొట్టిన మేకుల్లో ఖాళీగా ఉన్నదానికి తగిలించాడు. ఆ గోడ మీద అలాంటివి ఇంకో పదకొండు వేలాడుతున్నాయి.